అండమాన్ పిన్ని

గవర్రాజుకి మనిషి కనిపిస్తే చాలు, చుట్టరికం కలపందే ఊపిరాడేది కాదు. స్టీల్ ప్లాంటులో నేను చేరిన మొదటి రోజే నా పక్కన కూలబడి, "మీ అమ్మగోరిదే ఊరు?" అన్నాడు. తగరపువలస అన్నాను. టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు నేనతనికి బావనైపోయాను.

ఆర్టీసీ కాంప్లెక్సులో టిక్కెట్ల కోసం నిలబడితే ముందున్నాయన మావయ్య, వెనకున్నాయన తమ్ముడు అయ్యేవారు. ఈలోపు బస్సు వెళ్ళిపోయేది. తన పెళ్ళిచూపుల్లో కూడా ఊరుకోలేదు. పిల్ల తండ్రితో కూర్చుని వంశాలు తవ్వి తవ్వి, చివరికి సుధారాణిని తనకి చెల్లెలి వరస చేసేశాడు. పెద్దవాళ్ళు ఆ లెక్క సరిచేయబట్టి పెళ్ళయింది.

తొంభయ్యారులో ఎల్‌టీసీ మీద మేం రెండు జంటలం పోర్టులో ఓడెక్కి అండమాన్ వెళ్ళాం. దిగేలోపు ఓడలో వంటాయన కూడా చుట్టమైపోయాడు.

"ఆయనది కేరళ కదయ్యా" అన్నాను.

"అయితే ఏటి బావా? ఆళ్ళావిడ అన్న తునిలో హోటలెట్టేడు."

అక్కడ ఒకరోజు చిన్న మోటారు పడవ మాట్లాడుకుని ఓ దీవికి వెళ్ళాం. ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర వినపడేంత దీవి. తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్లు, అడుగు కనపడే నీళ్ళు. సాయంత్రానికి తిరిగొచ్చేయాలి. కానీ మధ్యాహ్నం దాటగానే ఆకాశం మూసుకొచ్చింది. పడవవాడు కెరటాలు చూసి, ఇక రేపే అన్నాడు. తెచ్చుకున్న పులిహోర అప్పటికే అయిపోయింది. మా ఆవిడ రాధకి మూడో నెల. ఓడెక్కినప్పటి నుంచి ఏం తిన్నా ఇమడడం లేదు. వానకి తడిసి వణికిపోతుంటే తలదాచుకునే చోటు కోసం వెతికాను.

కొబ్బరిచెట్ల వెనక ఒక పాక కనిపించింది. గుమ్మంలో ఒక ముసలావిడ వల బాగుచేసుకుంటోంది. మమ్మల్ని చూసి, "తడిసిపోతన్నారు, లోనకి రండి" అంది, తెలుగులో. మాకు నోట మాట రాలేదు. గవర్రాజుకి వచ్చింది.

"అమ్మా, నీదే ఊరు?"

"బీమిలి పక్క. మనువాడిన కొత్తల్లో వచ్చేసినాం. మా ఆయన ఏటకెల్లి మరి రానేదు. పిల్లల్లేరు. నానొక్కదాన్నే."

పేరు పోతమ్మట. ఇంటిపేరు కూడా అడిగి తెలుసుకుని, గవర్రాజు కళ్ళు మూసుకుని వేళ్ళు మడిచాడు. గవర్రాజు వాళ్ళది అనకాపల్లి దగ్గర చెరకు సాగు. ఆవిడది తరతరాలుగా సముద్రం మీద వేట. ఎటునుంచి తవ్వినా కలిసే దారే లేదు.

"నువ్వు నాకు పిన్నివవుతావు" అన్నాడు.

పోతమ్మ వల పక్కన పెట్టింది. "మరి పిన్నింటికి రాడానికి ఇన్నాళ్ళేటి?" అని కసిరింది.

రాధకి పొడిచీర ఇచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. వేడన్నం, చేపల పులుసు పెట్టింది. రాధ మారు వడ్డించుకుని తింది, ఇమిడింది కూడా. భోజనాలయ్యేదాకా గవర్రాజు ఆవిడకి బంధువుల కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఎవరికి పెళ్ళయింది, ఎవరు మేడ కట్టారు, ఎవరెవరు కోర్టుకెక్కారు. అన్నీ అప్పటికప్పుడు అల్లినవే.

మర్నాడు పడవెక్కాక, "చుట్టరికంతో భలే భోజనం సంపాదించావయ్యా" అన్నాను. అతను దీవి కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత అండమాన్ వెళ్ళే ప్రతివాడి చేతా పిన్నికి కబురు పంపేవాడు. కొన్నేళ్ళకి ఆవిడకి చూపు ఆనడం లేదని తిరుగు కబురొచ్చింది. గవర్రాజు సెలవు పెట్టి, ఓడెక్కి వెళ్ళి ఆవిణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. కంటి ఆపరేషన్ చేయించి, ఉక్కునగరం క్వార్టర్లో తన మంచం ఆవిడకిచ్చి తను చాప మీద పడుకున్నాడు.

ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. గవర్రాజు బజారుకెళ్ళాడు. ఆగలేక అడిగేశాను.

"నిజం చెప్పమ్మా, అతను మీ అక్క కొడుకేనా?"

"నాకు అక్కే లేదు బాబూ."

"మరి ఆ రోజు ఏమీ అనలేదే?"

"తడిసొచ్చినోళ్ళకి కూడెట్టడానికి సుట్టరికం కావాలేటి? ఎలాగూ ఎట్టేదాన్నే. నన్ను పిన్నీ అనేవోడు ఆ దీవిలో ఎవుడున్నాడు? అది ఆడికి తెలిసిపోనాది."

అంతలో గవర్రాజు చేపల సంచితో లోపలికొచ్చాడు. పోతమ్మ ఒక చేప తీసి, మొప్ప ఎత్తి చూసి, మొహం చిట్లించింది.

"నిన్నటి సేప అంటగట్టీసినారు" అని నా వైపు తిరిగింది. "సేప కొనడం రాదు బాబూ ఈడికి. అచ్చం ఆళ్ళ సిన్నాన్న పోలికే."