ఆమ్‌స్టర్‌డామ్‌కు గంటంబావు

మొన్న శనివారం మా మనవరాలు స్నేహితులతో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తూ ప్రయాణం ఎంతసేపని ఫోన్‌ను అడిగితే, అది మూడువందల అరవై కిలోమీటర్లు, గంటంబావు అని ఠకీమని చెప్పేసింది. నేను మాత్రం లోపలికి వెళ్ళి పాత డైరీ తీశాను. అందులో నా చేతిరాతతోనే "పైలట్ గడియారం గంట ముందుంది, ఎవరికైనా చెప్పాలి" అని ఉంది.

ఇంగ్లండులో, మిల్టన్ కీన్స్‌లో మేం కాపురం పెట్టిన తొలి ఏళ్ళ మాట. మా బావమరిది ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇల్లు కొన్నాడు. అక్కడ పంతులు దొరకక, బ్రాక్‌నెల్‌లో వారమంతా కంప్యూటర్ ఉద్యోగమూ శనాదివారాలు పౌరోహిత్యమూ చేసే ఒకాయన చేత పది నలభైకి గృహప్రవేశ ముహూర్తం పెట్టించి, ఆయన్ని వేళకు తీసుకొచ్చే పని నాకు అప్పగించాడు. అప్పటికే నా డైరీలనూ పట్టికలనూ చూసి పుట్టింటివాళ్ళు నవ్వుకుంటారని మా ఆవిడకు చిన్నతనంగా ఉండేది. రెండు రోజులు ముందుగా బయలుదేరుతూ, ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే ఇక ఎవరి నోరూ లేవదని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

వారం ముందే లెక్క వేశాను. ఏడున్నరకు విమానం, ఎనిమిది నలభై అయిదుకు దిగడం, పదింటికల్లా గుమ్మం ముందు. ఇండియా దూరం గనుక అక్కడ టైము వేరు. ఎడిన్‌బరో కంటే దగ్గరున్న ఊళ్ళో టైము ఎందుకు మారుతుందన్నది నా తర్కం. అందుకే దిగబోతూ పైలట్ తొమ్మిది నలభై అయిదని ప్రకటించినప్పుడు, పాపమనుకుని ఆ మాట రాసుకున్నాను. పంతులుగారు పక్కన హాయిగా నిద్రపోతున్నారు. వ్యవధి బోలెడుంది కదా అని దిగాక ఆయనకు కాఫీ కూడా ఇప్పించాను.

ఇల్లు చేరేసరికి చుట్టాలంతా తుంపరలో వీధిలోనే నిలబడి ఉన్నారు. పంతులు రానిదే గడప దాటకూడదని పాలగిన్నెతో బావమరిది భార్య, కొబ్బరికాయతో మా ఆవిడ. నేను గర్వంగా చెయ్యి చాపి గడియారం చూపించాను. పది గంటల అయిదు నిమిషాలు.

"బావా, ఈడ పదకొండు దాటింది," అన్నాడు బావమరిది మెల్లగా.

మా ఆవిడ నా గడియారం వంకా తన చేతిలోని కొబ్బరికాయ వంకా మార్చి మార్చి చూసింది.

పంతులుగారు సంచిలోంచి తను లెక్క కట్టిన కాగితం తీసి, చాలాసేపు చూసి, గొంతు సవరించుకున్నారు. "తప్పు నాది గూడా ఉన్నదండీ. నేను బ్రాక్‌నెల్‌ల కూసొని ఆడి టైముకే ముహూర్తం కట్టిన. ఈడ పదకొండు నలభై అయితది. ఇంకా అరగంట ఉన్నది."

మొదట నవ్వింది మా ఆవిడే. ఆ తరవాత కుడికాళ్ళు గడప దాటడం, పాలు పొంగడం అన్నీ వేళకే జరిగాయి. నేను అక్కడి టైముకు సరిగ్గా వచ్చి ఉంటే గృహప్రవేశం గంట ముందే తప్పు ముహూర్తంలో అయిపోయేదని ఆ రోజే డైరీలో రాసి, కింద గీత గీశాను. ఆవిడ పుట్టింట్లో నా పరువు ఆ గీత మీదే నిలిచింది.

అప్పటి నుంచి బావమరిది ఎప్పుడు ఫోన్ చేసినా, బాగోగుల కంటే ముందు "బావా, మీ టైమా, మా టైమా?" అనేవాడు. మనవరాలి ఫోన్ దిగీదిగగానే దానంతటదే గంట మార్చుకుందట, పిల్లకు తెలియను కూడా లేదు. ఇప్పుడెవరూ దారి తప్పరు, ఎవరి కోసమూ ఎవరూ తుంపరలో నిలబడరు, బావమరిదికీ ఆ ప్రశ్న అడిగే పని లేకుండా పోయింది. నిన్న నేనే ఫోన్ చేసి అదే అడిగాను. ఇద్దరం ఎంతసేపు నవ్వుకున్నామో డైరీలో రాద్దామనుకుంటే, గడియారం చూసుకోవడం మరిచిపోయాను.