అమ్మ మొహానికి వెలుగు పెట్టిన మావయ్య

మావయ్య పోయారని ఆయన కూతురు ఇంగ్లండు నుంచి ఫోన్ చేసినప్పుడు యాంగాన్‌లో తామ్వే పేటలోని మా ఇంట్లో కరెంటు లేదు. అమ్మ అన్నం వారుస్తోంది. చెప్పగానే గిన్నె దించి, "ఏటి, మా అన్న పోనాడా?" అంటూ అక్కడే కూర్చుండిపోయింది.

ఆయన మాకు చుట్టం కాదు. బ్రిటన్‌లో సినిమాలకీ టీవీ నాటకాలకీ జీవితమంతా కెమెరా పట్టిన మనిషి. కెమెరాలో ఫిల్మ్ ఎక్కించే పనితో మొదలై, వార్తల చిత్రాలు తీసి, పేరున్న ఛాయాగ్రాహకుడయ్యారు. పెద్ద సినిమాల ఊసు ఎత్తేవారు కాదు. ఎప్పుడో ఒక వంటగదిలో వాన వెలుతురులో తీసిన చిన్న సీను గురించి మాత్రం ఎన్నిసార్లయినా చెప్పేవారు. వయసు మళ్లాక కెమెరా పాఠాలు చెప్పడానికి యాంగాన్ వచ్చి మా పై వాటాలో అద్దెకు దిగారు. అమ్మ అన్నా అని పిలిచింది, నాకు మావయ్య అయ్యారు. పెళ్లి వీడియోలు తీసుకునే నేను ఆయన దగ్గర అసలు పని నేర్చుకున్నాను. "ముందు మనిషిని చూడు, తర్వాత కెమెరా తెరువు" అనేవారు.

నది అవతల తన్లిన్ ఊరి ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్ల మీద టీవీ చిత్రం తీయమని ఆయన్ని పిలిచారు. అప్పటికే చూపు మసకబారుతోంది. దాచకుండా ఆ మాట డైరెక్టరుకు ఆయనే చెప్పారు. వేరే మనిషిని పెట్టుకుందామన్నాడు డైరెక్టర్.

"వెలుగు నాకింకా తెలుస్తుంది. ఫోకస్ ఈ అమ్మాయి చూస్తుంది. ఒక్కరోజు చూసి చెప్పు," అన్నారు మావయ్య.

ఆ ఒక్కరోజు తీయాల్సింది అక్కడి కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసిన మా అమ్మనే. చిన్నప్పుడు లత అనే పేటలో ఫోటో స్టూడియో అతను నల్లగా ఉందని మొహం నిండా పౌడరు పూశాడట. అప్పట్నుంచి ఫోటో అంటేనే పడదు.

"నాది నల్లమొకం. నన్నొగ్గీ అన్నా," అంది.

మావయ్య బతిమాలలేదు. దీపాలన్నీ తీయించి, అమ్మను కిటికీ పక్కన కూర్చోమని, వెలుగు తిరిగి మొహం మీద పడేలా ఎదురుగా తెల్లదుప్పటి కట్టించారు. "బుగ్గ మీద నీడ ఎక్కడ ఆగింది? కళ్లలో మెరుపుందా?" అని నన్ను అడుగుతూ, నేను చెప్పినకొద్దీ దుప్పటి జరుపుతూ పోయారు. మధ్యాహ్నం దాటింది. డైరెక్టర్ విసుక్కున్నాడు. మావయ్య పట్టించుకోలేదు.

అమ్మ దగ్గరికి జరిగి తెర మీద తనను చూసుకుంది. "నలుపు నలుపుగానే ఉంది. అయినా బాగున్నాను," అంది.

రేపు ఎన్నింటికి రమ్మంటారని డైరెక్టర్ మావయ్యనే అడిగాడు. ఆ చిత్రం చివరిదాకా ఆయనే చేశారు. ఈరోజు కెమెరా పట్టుకుని ఎవరి ముందైనా నిలబడగలుగుతున్నానంటే ఆ పనిరోజుల చలవే.

కంటి వైద్యానికి కూతురి దగ్గరికి వెళ్లేనాటికి ఆయనకు దాదాపు ఏమీ కనిపించేది కాదు. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ వద్దన్నారు. నా భుజం పట్టుకుని నడుస్తూ పెద్ద అద్దాల గోడ దగ్గర ఆగారు. "ఎండ ఎటుందో చెప్పకు," అన్నారు. మెల్లగా మొహం తిప్పుతూ, చెంపకు వెచ్చగా తగిలినచోట ఆగి, అటే చూస్తూ నిలబడ్డారు.