భాగారంలో మిగిలిన నీళ్లు

మా ఊరి బడి అయ్యవారు చనిపోయారు. సోమవారం పొద్దున ట్యాంకరు వచ్చి ఎంత హారన్ కొట్టినా ఆయన బయటికి రాలేదు. అప్పుడు తెలిసింది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోను.

కోడుమూరు అవతల నలభై ఒక్క ఇళ్ల ఊరు మాది. బోర్లు ఎండినప్పటి నుంచి ట్యాంకరే దిక్కు. వచ్చిన ప్రతిసారీ మూడు వందల ఇరవై బిందెలు. రిటైరై ఒంటరిగా ఉంటున్న అయ్యవారు ఆ పంపకాన్ని కంప్యూటరులో ఎక్సెల్ పట్టీగా పెట్టుకున్నారు. మొదటిసారి భాగారం చేస్తే ఇంటికి ఏడు పాయింట్ ఎనిమిది వచ్చిందట. ఆయన దాన్ని ఎనిమిది చేశారు. కడపటి ఇల్లు నాది. నా వంతుకు ట్యాంకరులో చుక్క లేదు.

ఖాళీ బిందె తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను.

“ఏమప్పా అయ్యవారూ, నీ పాయింట్లు తాగి బతకల్లా నేను?”

“తప్పు నాదే అక్కా. ఇట్ల రా, సూడు.”

నా ఎదుటే కోషెంట్ అని కొట్టి, మొదట బిందెలు, కామా పెట్టి ఇళ్లు వేశారు. ఉత్త ఏడు వచ్చింది.

“ఇది నిండు బిందెలే చెప్తాది. తునకలు చెప్పదు.”

“మిగిలిన ముప్పై మూడూ యాడికి పోతాయి?”

“పట్టీలో పేరు లేనోళ్లకు,” అన్నారు. చెప్పులు విడిచి, ఆ నీళ్లు తానే మోసి గొడ్ల తొట్టిలో పోసేవారు. ఒక్కనాడూ మానలేదు.

ఆయన పోయాక ఊరివాళ్లు కంప్యూటరు మా మనవరాలికి అప్పగించి, పట్టీలోంచి ఆయన ఇల్లు తీయించారు.

“అవ్వా, ఇంటికి ఎనిమిది! మిగులు సున్నా!” అంది మనవరాలు.

ఊరు సంబరపడింది. చేతికొచ్చిన ఎనిమిదో బిందెను ఎవరూ వదలలేదు. నేనూ వదలలేదు. తొట్టి ఎండింది.

మూడో ట్యాంకరు నాడు గొడ్లన్నీ వరసగా పోయి, తాళం వేసిన అయ్యవారి తలుపు ముందు నిలబడ్డాయి. అరుపు లేదు. తోక కదలలేదు. నా ఆవును పేరు పెట్టి పిలిస్తే చెవి కూడా తిప్పలేదు.

పోయి ట్యాంకరు పైపు పట్టుకున్నాను. “ఆయప్ప ఇల్లు మళ్లా ఎక్కించండి. అంతదాకా ఒక్క బిందె నిండనియ్యను!”

“సచ్చినోళ్లకు నీళ్లేంది వదినా? మతి పోయిందా?” అన్నాడు మా మరిది.

“ఆయప్ప లెక్కలో ఉంటేనే గొడ్లకు మిగులుతాది. కొట్టి సూడు!”

మనవరాలు నలభై ఒకటి వేసింది. ఏడు వచ్చింది. ముప్పై మూడు బిందెలు తొట్టిలో పోశాము. గొడ్లు కదలలేదు. అయ్యవారి వంతు ఏడు బిందెలు ఏం చేయాలో తోచక ఆయన తలుపు ముందే పెట్టాము. అప్పుడు గొడ్లు తొట్టి వైపు తిరిగాయి.

మధ్యాహ్నం పోయి చూశాను. ఏడు బిందెల్లోనూ నీళ్లు సగానికి, ఒకే మట్టానికి దిగి ఉన్నాయి. ఎండకు ఇగిరాయన్నారు. ఆ రోజంతా మబ్బే.