వాగు ఇవతలి మూడు రాళ్లు

మా పెద్దనాన్న కొడుకుకు అరవై దాటాక పూర్వీకుల మీద భక్తి పుట్టింది. నిజామాబాద్‌లో ప్లాట్ల వ్యాపారం చేసే మనిషి. ఎవరి దగ్గరో గ్రానైట్ పలక మీద తాతముత్తాతల పేర్లు చెక్కించి ఉంటే చూసి వచ్చాడట. మనకూ ఒకటి ఉండాలన్నాడు. అంతవరకూ ఆ తాతలు ఆయనకు పేరుకైనా గుర్తు లేరు.

మా వాళ్ల సమాధులు సిరికొండ దగ్గర అడవి అంచున, వాగు అవతల ఉన్నాయి. చెరుకు భూముల కోసం అందరూ బోధన్ వైపు కదిలిపోయాక అక్కడికి పోయేవాళ్లు లేరు. సీతాఫలం చెట్లు, ముళ్లపొదలు కమ్మేశాయి. చిన్నప్పుడు నాయనమ్మ వెంట గంప మోసుకుని పోయేదాన్ని కాబట్టి ఏది ఎవరిదో నాకు కొంత తెలుసు. పైగా ఈ వయసులో చదవడం, రాయడం నేర్చుకున్నాను. అందుకని నన్నూ కారెక్కించుకున్నారు. పొదలు తప్పించి చూపించేది నేను, రాళ్ల మీద సున్నంతో పేర్లు రాసేది నేను. ఫోటోలు తీసేది ఆయన, ఆయన తమ్ముడు.

నేను వాళ్ల తాతల కోసం పోలేదు. మా అమ్మ అక్కడే ఉంది, కానీ వాళ్లతో లేదు. నన్ను కన్న నాలుగు రోజులకే చనిపోయింది. బాలింతగా పోయిన మనిషిని పెద్దల పక్కన పెట్టకూడదని వాగు ఇవతలే, తునికి చెట్టు కింద పూడ్చి మూడు రాళ్లు పెట్టారు. మూడో రోజు పిట్టకు కూడా పెట్టలేదు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూడటం మా దగ్గర ఆచారం. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. మా అమ్మ కోరికలతో ఎవరికీ పని లేకపోయింది. నాయనమ్మ ఒకసారి ఆ రాళ్లు వేలితో చూపించి, నన్ను గంప దించనివ్వకుండానే ముందుకు నడిచింది.

కారు దిగగానే అన్న కట్టెతో గాలిలో గీత గీశాడు. రేపు జేసీబీ వచ్చి రోడ్డు నుంచి వాగు దాకా బాట తీస్తుందన్నాడు. ఆ గీత సరిగ్గా తునికి చెట్టు మీదుగా పోయింది.

"అన్నా, ఆడ మా అమ్మ ఉన్నది. బాట జర పక్కకు తిప్పు," అన్నాను.

"గవి ఉత్త రాళ్లు, చెల్లె. బాట వంకరపోతే మంచిగుంటదా? బాలింతరాలి జాగ గుర్తు పెట్టుకుంటరా ఎవరన్న, గాలి తగుల్తది."

శ్మశానం పక్కన ప్లాట్లు చేసి వాటికి తోట అని పేరు పెట్టి అమ్మిన మనిషి ఈయన. ఇరవై ఏళ్లు నిండకుండా పోయిన పిల్లకు భయపడుతున్నాడు.

వాగులో మడమ తడిసే నీళ్లే ఉన్నాయి. దాటి వెళ్లి పొదలు కొట్టించారు. నేను రాస్తూ ఉంటే అన్నదమ్ములిద్దరూ పెద్ద రాయి పక్కన ఎవరు నిలబడాలా అని గొణుక్కున్నారు. ఫోటో బాగా రావాలని తమ్ముడు ఒక దిమ్మె ఎక్కాడు.

"దిగు తమ్మీ, అవ్వ మీద నిలబడ్డవ్," అన్నాను.

బతికినన్నాళ్లూ నాయనమ్మకు అది అలవాటే.

తర్వాత పిట్టకు పెట్టారు. హోటల్ బిర్యానీ, మటన్ ఫ్రై, ఒక విస్కీ సీసా. జొన్నగడ్క తిని, కల్లు తాగి బతికిన మా తాతకు అది! పెట్టి, చుట్టూ మూగి, ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. కాకి రాలేదు. గోడ కట్టిస్తామని అన్న మొక్కుకున్నాడు. ఏటా వస్తామని తమ్ముడు మొక్కుకున్నాడు. కాకులు చెట్టు మీద కూర్చొని ఇద్దరినీ చూశాయి.

నేను నా టిఫిన్ డబ్బా తీసుకుని వాగు ఇవతలికి వచ్చేశాను. అమ్మకు ఏమి ఇష్టమో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. అందుకని బాలింతకు పెట్టేదే తెచ్చాను: అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. మోదుగాకులో కలిపి రాళ్ల ముందు పెట్టి దూరంగా జరిగాను. కాసేపటికి ఒక కాకి దిగింది. వెనకే ఇంకో రెండు.

అమ్మ వచ్చిందని నేను చెప్పను. అక్కడ మనుషులు లేరు, ఫోన్లు లేవు, అందుకని దిగాయి. కాకులకు ఆ మాత్రం తెలివి ఉంటుంది.

అవతలి ఒడ్డు నుంచి అన్న చూశాడు. చెప్పులు చేతిలో పట్టుకుని వాగు దాటి వచ్చాడు.

"చిన్నమ్మకు నా మీద ఏమన్న కోపమున్నదంటవా, చెల్లె?"

ఆయన నోట చిన్నమ్మ అనే మాట వినడం నాకదే మొదలు.

"బాట ఏడికెళ్లి తీస్తున్నవో ఆమె పక్కన నిలబడే చెప్తివి గద," అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

పలక మీద పేరు ఎక్కిస్తానన్నాడు. పిడికెడు మట్టి తీసుకుపోయి పెద్దల పక్కన కలుపుతానన్నాడు. నేను అడిగినప్పుడు తగులుతుందన్న గాలి, కాకి దిగేసరికి ఎటో పోయింది.

"మీ నడుమ మా అమ్మ వద్దు, అన్నా. ఇన్నేండ్లు మీరు లేకుంటనే మంచిగున్నది. బాట తిప్పు, చాలు."

మిగిలిన సున్నంతో ఆ మూడు రాళ్లలో పెద్దదాని మీద అమ్మ పేరు రాశాను. అక్షరాలు వంకరగానే వచ్చాయి. మర్నాడు జేసీబీ వచ్చేసరికి నేను చెట్టు కింద కూర్చొని ఉన్నాను. బాట తిరిగింది.

ఇప్పుడు వాళ్ల పెద్దల దగ్గరికి పోవాలంటే తునికి చెట్టు దగ్గర బండి నెమ్మది చేసి, మా అమ్మ చుట్టూ తిరిగి పోవాలి. ఆ వంపులో అన్న హారన్ కూడా కొట్టడట.