ప్రిన్స్‌కి నారింజ చున్నీ

జర్మనీలోని జీగెన్‌లో ఎమ్మెస్ చదివే ఆ రోజుల్లో నాకు జర్మన్ తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ. ఎక్కడ ఏ ఇద్దరు పోట్లాడుకుంటున్నా, చేతిలో టీ చల్లారేలోపు ఎవరు మంచివాళ్లో ఎవరు దుర్మార్గులో తేల్చేసి, మంచివాళ్ల పక్కన వెళ్లి నిలబడేదాన్ని. (ఇప్పుడు గార్చింగ్‌లో ఉద్యోగం చేస్తూ, మీటింగులో ఎవరేం చెప్పినా "అదీ నిజమేలెండి" అని తలూపే నన్ను చూసినవాళ్లు ఈ మాట నమ్మరు. మా ఆయన అసలే నమ్మడు.) అలా నేను న్యాయం తరఫున నిలబడ్డ సందర్భాలు చాలావరకు నవ్వుకోవడానికే పనికొస్తాయి. ఇదొక్కటి మాత్రం నవ్వుతూనే మొదలుపెడతాను గానీ, మధ్యలో ఎక్కడో నవ్వు ఆగిపోతుంది. అయినా చెప్పాలనే ఉంది.

యూనివర్సిటీ దగ్గర గది దొరక్క, నేనూ వరంగల్ అక్కా కలిసి కొండ మీద ఒక పల్లెలో, అడవిని ఆనుకుని ఉన్న ఇంట్లో, మేడ మీద అద్దెకు దిగాం. వరంగల్ అక్క నాకంటే ఒక ఏడాది సీనియర్, వంటలోనూ కోపంలోనూ కూడా. కింద ఇంటావిడ ఒక్కతే ఉండేది, భర్త పోయిన ముసలావిడ. ఆవిణ్ణి ఓమా అని పిలిచేవాళ్లం, అంటే వాళ్ల భాషలో మామ్మ. ఆన్‌మెల్డుంగ్‌కి, అంటే ఊళ్లో మా చిరునామా నమోదుకి, కాగితం మీద సంతకం పెట్టమని వెళితే, ముందు కేకు తింటేనే పెడతానంది. ఆవిడకి ప్రిన్స్ అని ఒక కుక్క. రుమేనియాలో ఎవరో గొలుసుతో కట్టేసి వదిలేసి పోతే, జంతువుల మీద జాలి ఉన్నవాళ్లెవరో తెచ్చి ఈవిడకిచ్చారు. ఎర్రమట్టి రంగు, ఒక చెవి నిలబడి ఒకటి వాలిపోయి, అచ్చం మా భీమవరం బస్టాండు వెనక తిరిగే కుక్కలా ఉండేవాడు. మాకు సొంతవాడు దొరికినట్టయింది. (మా ముగ్గురిలో వీసా బాధ లేనిది వాడికొక్కడికే. పైగా వాడి పేర ఊళ్లో పన్ను కట్టి, మెడలో బిళ్ల కూడా వేయించింది ఓమా.) పెరుగన్నం పెడితే గిన్నెని గోడ దాకా నెట్టుకుంటూ పోయి మరీ నాకేవాడు.

రోజూ పొద్దున్నే ఓమా గేటు తీసేది. ప్రిన్స్ తోక ఊపుకుంటూ అడవిలోకి పోయి, తన పనులేవో చూసుకుని, కాఫీ వేళకి తిరిగొచ్చేవాడు. "గొలుసులో పెరిగినవాణ్ణి మళ్లీ కట్టెయ్యమంటారా?" అనేది ఓమా. మాకందులో వింతేమీ కనబడలేదు. కుక్క అన్నాక తిరగదూ? మెడకి పట్టీ వేసి కుక్కని మనిషి నడిపించడం మాకు సినిమాల్లో జమీందార్లు చేసే పనిగానే తెలుసు.

ఆ తిరుగుడు గిట్టనివాడు ఊళ్లో ఒకాయన ఉండేవాడు. అక్కడ అడవిలో వేటని కౌలుకి తీసుకునేవాళ్లుంటారు. ఏ జంతువుని ఎప్పుడు కొట్టచ్చో, దేన్ని ముట్టుకోకూడదో, కారు గుద్దిన జింక ఎక్కడ పడి ఉందో, అన్నీ వాళ్లే చూసుకోవాలి. మా కొండకి ఆ కౌలుదారు ఈకపెట్టిన ఆకుపచ్చ టోపీతో తిరిగే పెద్దాయన. మేం టోపీ తాత అనేవాళ్లం. ఓమాతో కలిసి బళ్లో చదువుకున్నవాడట. ఆయన తరచూ గేటు దగ్గరికొచ్చి నిలబడేవాడు, లోపలికి మాత్రం రాడు. మేం మేడ మీది కిటికీలోంచి చెవులు రిక్కించేవాళ్లం.

"నీ కుక్క మళ్లీ జింకని తరిమింది."

"వాడేం చెయ్యడు. ఆడుకుంటాడంతే."

"ఆ సంగతి జింకకి ఎవరు చెబుతారు? పట్టీ వేసి నడిపించు. తరుముతూ కనబడి, ఆపడానికి ఇంకో దారి లేకపోతే కాల్చచ్చని చట్టంలోనే ఉంది. నాచేత ఆ పని చేయించకు."

"హంతకుడా!" అని ఓమా తలుపు వేసుకునేది.

"గా ముసలాయన మొకంల దయ అన్నదే లేదు సూడవే. నోరులేని జీవిని కాలుస్తడట!" అనేది అక్క. "కుక్కని కాల్చేవాడు మనిషేనా అక్కా?" అనేదాన్ని నేను. ఒకసారైతే ఆయన వచ్చి వెళ్లాక మేమిద్దరం చికెన్ కూర వండుకుని, ఎముకలు కూడా వదలకుండా నములుతూ, జంతువుల మీద జాలి లేని ఆ మనిషి గురించి చాలాసేపు బాధపడ్డాం. ఆ కూరలో లేని కారం మా మాటల్లో ఉంది.

శరదృతువులో పెద్ద వేట జరిగింది. చుట్టుపక్కల వేటగాళ్లంతా కలిసి, కుక్కల్ని అడవిలోకి తోలి, పందుల్ని బయటికి రప్పించి కొడతారు. ఆ రోజు ప్రిన్స్‌ని ఇంట్లోనే పెట్టి, మేం దూరం నుంచి చూశాం. ఆ కుక్కలన్నింటికీ ఒంటి మీద మెరిసే నారింజ రంగు చొక్కాలు. ఎందుకని పక్కింటావిణ్ణి అడిగితే, పొరపాటున వాటిని కాల్చకుండా గుర్తు అని చెప్పింది. అక్క నా మోచెయ్యి పట్టుకుంది.

"మనోనికి గూడ గట్లనే ఒకటి తొడిగితే?"

నా దగ్గర అలాంటి రంగు చున్నీ ఉంది. అమ్మ కొనిచ్చిన పంజాబీ డ్రెస్సుది, చీకట్లో కూడా కనబడే రంగు, అందుకే ఎప్పుడూ వేసుకోలేదు. అక్క కత్తిరించింది, నేను కుట్టాను, ఓమా గుండీలు ఇచ్చింది. ముగ్గురం కలిసి ప్రిన్స్‌కి తొడిగితే, అంచున జరీతో, పెళ్లికొడుకుని ఊరేగించే గుర్రంలా తయారయ్యాడు. ఓమా చప్పట్లు కొట్టి నవ్వింది. చట్టానికే చొక్కా తొడిగామని ఆ వారమంతా మాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

చలికాలం ఆఖరులో మంచు పగలు కాస్త కరిగి, రాత్రికి మళ్లీ బిగుసుకుని, పైన అప్పడంలాంటి పొర కట్టింది. ఒక శనివారం పొద్దున సరుకులకని బస్టాప్‌కి బయల్దేరాం. అడవి అంచున ఒక కేక వినబడింది. పసిపిల్ల ఎవరో బావిలో పడిందేమో అన్నట్టుంది. ఇద్దరం సంచులు పారేసి పరిగెత్తాం.

పసిపిల్ల కాదు, జింక. ఆడజింక. పొర మీద ప్రిన్స్ తేలిగ్గా పరుగెత్తగలడు. జింక సన్నటి గిట్టలు మాత్రం ప్రతి అడుగుకీ పొరని చీల్చుకుని లోపలికి దిగబడిపోతాయి. కాళ్ల చర్మం ఊడిపోయి ఉంది. పొట్ట దాకా మంచులో కూరుకుపోయి, కదల్లేక అరుస్తోంది. మా ప్రిన్స్, మా పెరుగన్నం ప్రిన్స్, జరీ అంచు చొక్కాతో, దాని వెనక తొడని బతికుండగానే తింటున్నాడు. నేను పేరు పెట్టి పిలిచాను. తిట్టాను. తెలుగులో బతిమాలాను. వాడికి నేనెవరో కూడా తెలిసినట్టు లేదు. చివరికి అక్కా నేనూ మీద పడి, ఆ చున్నీ పట్టుకుని వెనక్కి లాగాం.

అప్పుడు వచ్చాడు టోపీ తాత, పొలం అవతల నుంచి రొప్పుకుంటూ, చేతిలో తుపాకీతో. జింకని చూశాడు, కుక్కని చూశాడు, మా చేతుల్లో ఉన్న గుడ్డని చూశాడు.

"ఇందాకే గురి పెట్టాను," అన్నాడు. "నారింజ రంగు కనబడింది. పక్క అడవివాళ్లు దెబ్బతిన్న జంతువుని వెతకడానికి వదిలిన కుక్క అనుకుని తుపాకీ దించేశాను."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. ఏం చెయ్యాలో తెలియక కోటు జేబులోంచి నీళ్ల సీసా తీశాను. మా ఇళ్లల్లో ప్రాణం పోయేవాళ్ల నోట్లో నీళ్లు పోస్తాం కదా, అంతకు మించి నాకేం తోచలేదు. జింక వైపు అడుగు వెయ్యబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. మీరు దగ్గరికెళితే దానికి ఇంకా భయం. అటు తిరగండి."

అటు తిరిగాం. ఒక్క చప్పుడు. ఇటు తిరిగేసరికి ఆయన టోపీ తీసి ఉన్నాడు. పక్కనున్న సూదాకుల ఫర్ చెట్టు నుంచి చిన్న కొమ్మ విరిచి, జింక దవడ మెల్లగా తెరిచి, పళ్ల మధ్య పెట్టాడు. దాని చివరి ముద్ద అట అది. వేటలో పోయిన ప్రతి జంతువుకీ పెడతారట, దీన్ని తను వేటాడకపోయినా పెట్టాడు. నేను ఏడుస్తూ వెళ్లి, ఆ కొమ్మ మీద నుంచి నోట్లోకి కాసిని నీళ్లు పోశాను. ఎందుకని ఆయన అడగలేదు. నా సీసా మూత పెట్టుకునేదాకా టోపీ చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాని పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "పిల్లలున్నాయి," అన్నాడు.

"ప్రిన్స్‌ని కాల్చేస్తరా?" అని అక్క తనకొచ్చిన జర్మన్‌లో అడిగింది.

"మీ చేతిలో ఉన్న కుక్కని నేనెందుకు కాలుస్తాను?" అన్నాడు ఆయన.

జింకని భుజాన వేసుకుని ఆయన ముందు, కుక్కని ఈడ్చుకుంటూ మేం వెనక, ఓమా గేటు దగ్గరికి వచ్చాం. ఓమా వాకిట్లోకి వచ్చి, ప్రిన్స్ మూతి చూసి, "అయ్యో, నా తండ్రికి దెబ్బ తగిలిందా!" అని వంగి తడమబోయింది. అది వాడి రక్తం కాదని తెలిశాక, లేవకుండా అలాగే వాడి మెడ కావలించుకుని, "ఇక్కడే చంపుతావా? నా ఎదురుగానే?" అని ఆయన్ని అడిగింది.

"చంపాలనుకుంటే ఎప్పుడో చంపేవాణ్ణి," అన్నాడు టోపీ తాత. "ఇన్నాళ్లూ గేటు దగ్గరికొచ్చి నీచేత తిట్లు తిన్నది ఎందుకనుకున్నావు?"

మేం బెదిరింపులనుకున్నవన్నీ బతిమాలుకోవడాలని ఆ పూట నాకు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఓమా అరచేత్తో ప్రిన్స్ మూతి తుడిచింది. తర్వాత, ఎవరికో ఫిర్యాదు చేస్తున్నట్టు, గబగబా చెప్పింది.

"పోయిన చలికాలం పట్టీ వేసే తీసుకెళ్లాను. వాడు లాగితే పడిపోయాను. లేవలేకపోయాను. ఎవరూ రాలేదు, వాడే పక్కన కూర్చుని మొహం నాకాడు. అప్పట్నుంచీ నేను పట్టుకోలేను. పట్టుకోలేనని నోరు తెరిచి చెబితే వాణ్ణి నా దగ్గర ఉండనిస్తారా మీరు?"

నేను వెంటనే వీరనారిలా ముందుకొచ్చి, "నేను నడిపిస్తాను ఓమా, రోజూ!" అన్నాను. అన్నట్టే నడిపించాను, నిజం చెప్పాలంటే వాడే నన్ను నడిపించాడు. కరిగే మంచులో బోర్లా పడి బస్టాప్ దాకా ఈడ్చుకుపోబడ్డ నన్ను చూసి, బస్సు డ్రైవరు దిగొచ్చి మరీ లేపాడు. ఓమా నా మోకాలికి మందు రాస్తూ, "వేసవికి నీ చదువైపోతుంది తల్లీ," అంది. "ఆ తర్వాత?"

ఉత్తరాన మైదానంలో ఓమా అక్కకూతురు ఉండేది. ఎత్తు గోడలున్న పెరడు, రోజూ పరుగు తీసే ఇద్దరు పెద్ద కొడుకులు. వాళ్లు ప్రిన్స్‌ని తీసుకుంటామన్నారు. ఓమాకి కారు లేదు. ఆ ఊళ్లో వెనక కుక్కని కూర్చోబెట్టుకునే బండి ఉన్నది టోపీ తాతకే. ఆయనే వచ్చి గేటు బయట హారన్ కొట్టాడు. ఓమా ముందు సీట్లో, ప్రిన్స్ వెనక డబ్బాలో, మధ్యలో నేను. అక్కడ దింపగానే వాడు ఆ అబ్బాయిల వెంటపడి పెరడంతా గిరగిరా తిరిగాడు. మేం బయల్దేరుతుంటే వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "చూశారా, ఎంత సంతోషంగా ఉన్నాడో," అంది ఓమా. ఆవిడ గొంతులోని అలాంటి సంతోషం ఎవరికీ రాకూడదనిపించింది నాకు.

తిరిగొస్తూ మా కొండ ఎక్కుతుంటే, మలుపు దగ్గర ఆయన బండి ఆపేశాడు. రోడ్డు దాటుతున్నాయి, జింకలు. మమ్మల్ని చూసి కూడా పరుగెత్తలేదు. ఒకటైతే రోడ్డు మధ్యలో ఆగి, ఒళ్లు దులుపుకుని, గడ్డి కొరికి మరీ పోయింది.

"చూడు, ఎంత తీరిగ్గా పోతున్నాయో," అంది ఓమా, కోపంగా. అని, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. టోపీ తాత ఇంజన్ ఆపేశాడు. ఓదార్చడం ఆయనకి చేతకాదు కాబోలు, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, జింకలన్నీ వెళ్లిపోయాక కూడా అలాగే కూర్చున్నాడు.

వెనక సీట్లో ఉన్న ఆ పిల్లని ఇప్పుడు తలుచుకుంటే నాకు జాలీ నవ్వూ కలిసే వస్తాయి. జీవితంలో మొట్టమొదటిసారి ఎవరి పక్కన నిలబడాలో దానికి తెలియలేదు. ఓమా కోసం ఏడవాలో, జింక కోసమో, పాపం ఆ ముసలాయన కోసమో తేల్చుకోలేక, అందరి తరఫునా కలిపి ఒకేసారి, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. ఆ గోలకి ముందు సీట్లో ఓమా ఏడుపు ఆపి వెనక్కి తిరిగి చూసింది. టోపీ తాత కూడా చూశాడు. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, చెరో జేబులోంచీ చెరో రుమాలు తీసి నాకందించారు.