కర్రపెట్టెలో దొరికిన వెండిబిళ్ళ

నేను కడపలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, "అవి కరెంటు పోయినప్పుడే ఎందుకు కనబడతాయి?" అని అడిగి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లే రకం. చుట్టాలకు నా మీద ఉన్న ఫిర్యాదుల్లో ఇదొకటి. ఇప్పుడు నేనే ఇలాంటిది రాశానని తెలిస్తే మా తమ్ముడు నన్ను బతకనివ్వడు. అయినా రాస్తున్నాను.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ పాలు తాగే వయసులో ఉండగానే ఆమె కన్నతల్లి ఓబులమ్మ జ్వరమొచ్చి చనిపోయింది. తాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అలా వచ్చిన ఆమే మా లక్షుమ్మవ్వ. నాకు తెలిసిన అవ్వ ఆమే. సవతితల్లి అనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా వినలేదు. తర్వాత పుట్టిన మామనూ అమ్మనూ ఒకేలా పెంచింది. తిట్లు మాత్రం అన్నీ మామకే.

ఓబులమ్మకు ఫోటో లేదు. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామాను కూడా, ఆమె పోయాక పుట్టింటివాళ్ళే బండి కట్టుకొచ్చి తీసుకుపోయారట. కన్నతల్లిది ఒక్క వస్తువైనా చేత్తో పట్టుకోవాలని అమ్మకు కోరిక. అవ్వ నొచ్చుకుంటుందని బతికున్నన్నాళ్ళూ ఆ మాట పైకి అనలేదు. అవ్వ పోయాకే చెప్పింది, అదీ నాకొక్కదానికే.

పోయిన ఎండాకాలం కోయిలకుంట్లలో మామ పాత మిద్దె దించి స్లాబు వేయించాలనుకున్నాడు. అటక మీద అవ్వ పెట్టెలున్నాయని, అక్క వస్తే గానీ తాళం తీయనని ఫోన్ చేశాడు. అమ్మా నేనూ పొద్దున బస్సుకే బయల్దేరాం.

రెండు ట్రంకులు, ఒక కర్రపెట్టె. మా వైపు ఇత్తడి, కంచు సామాన్ల మీద పేర్లు కొట్టించే అలవాటుంది కాబట్టి ఏది ఎవరిదో కనుక్కోవడం కష్టం కాదు. అమ్మ ఒక్కో చెంబునూ వెలుతురుకు తిప్పి చదువుతోంది. లక్షుమ్మ. లక్షుమ్మ. ఒక గిన్నె మీద తాత పేరు. మళ్ళీ లక్షుమ్మ. ఆమె ఏ పేరు కోసం చూస్తోందో మామకు తెలియదు. నాకు తెలుసు. చివరి బిందె కూడా తిప్పి చూసి, పక్కన పెట్టి, "సరేలే" అంది.

కర్రపెట్టె అడుగున ఒక రేకు డబ్బీ దొరికింది. అందులో పనికిరాని వెండి: విరిగిన కడియాలు, మెట్టెలు, గొలుసు ముక్కలు. వాటితో పాటు ఒక చిన్న బిళ్ళ, నల్లబడిపోయి, పైన కొక్కెంతో. దాని మీద ఆడమనిషి రూపం ఉన్నట్టుంది గానీ ముఖం పూర్తిగా అరిగిపోయింది.

"అమ్మోరి బిళ్ళ మాదిరుండాది. కరిగిచ్చొద్దు" అంది అత్త.

"మొగమే లేదు, ఇంగేం అమ్మోరు? మనమరాలికి కాళ్ళగొలుసులు చేపిద్దాం. ఏమక్కా?" అన్నాడు మామ.

"నీ ఇష్టం లేరా" అంది అమ్మ. ఆమె మనసు అక్కడ లేదు.

మామ ఆ వెండంతా చేతిరుమాల్లో పోసి, ముడేసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బిళ్ళ కూడా రుమాల్లో పడడం నా కళ్ళతో చూశాను.

జొన్నరొట్టెలు, ఊరుబిండి పచ్చడి తిన్నాక అమ్మ నడవలో చాప మీద పడుకుంది. ఇక్కడొక మాట చెప్పాలి. అమ్మకు కీళ్ళవాతం. కుడిచేతి వేళ్ళు సగానికి మించి ముడుచుకోవు. అన్నం స్పూనుతో తింటుంది. జాకెట్టు హుక్కులు నేనే పెడతాను.

మామ బండి మీద వెండిపని చేసే ఆచారి అంగడికి పోతూ నన్నూ రమ్మన్నాడు. ఆచారి పెట్టిన పళ్ళెంలో మామ రుమాలు విప్పాడు. కడియాలున్నాయి, మెట్టెలున్నాయి, గొలుసు ముక్కలున్నాయి. బిళ్ళ లేదు. విప్పేదాకా ముడి వేసింది వేసినట్టే ఉంది, రుమాలుకు చిరుగు లేదు. మామ జేబులు తిరగేశాడు. నేను బండి చుట్టూ వెతికాను. పోయిందిలే అనుకుని వెండి అక్కడే ఇచ్చి తిరిగొచ్చాం.

అత్త వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. "వదిన ఇంగా లేయలేదు, పండుకోనీండి" అంది. తాను అక్కణ్ణుంచి కదల్లేదని, లోపలికి ఎవరూ పోలేదని తర్వాత చాలాసార్లు చెప్పింది.

అమ్మ పక్కకు తిరిగి పడుకునుంది. కుడిచెయ్యి చెంప కింద ఉంది. నాకు ముందు కనబడింది బిళ్ళ కాదు, పిడికిలి. ఆ వేళ్ళు అలా గట్టిగా మూసుకోవడం నేను చూసి ఏళ్ళయింది. ఏమైందోనని భయమేసి భుజం పట్టి కుదిపాను. అమ్మ కళ్ళు తెరిచింది. వేళ్ళు విచ్చుకున్నాయి. అరచేతిలో ఆ నల్లటి బిళ్ళ, దాని కొక్కెం ఒత్తుకుపోయిన గుర్తు.

"ఇదేందే? ఎవరు పెట్టినారు?" అంది నిద్ర కళ్ళతోనే.

మామ ఉన్నచోటే కూలబడ్డాడు.

సాయంత్రం అవ్వ చెల్లెలు వచ్చింది. మాకు చిన్నవ్వ. పక్క వీధిలోనే ఉంటుంది. మేం జరిగిందేమీ చెప్పలేదు. మామ బిళ్ళను ఆమె ముందు పెట్టి, "ఇదేందో చెప్పు చిన్నమ్మా" అన్నాడంతే.

ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది.

"ఇది యాడ దొరికెరా? ఇది అమ్మోరు గాదప్పా, మీ యక్కను కన్న తల్లి. ఓబులమ్మ. మొదటి పెండ్లాం సచ్చిపోయినాక రెండోది వస్తే, ఆయమ్మ పేరు మీద బిళ్ళ చేపిచ్చి మెళ్ళో ఏసుకుంటారు. మా యక్క తాళిబొట్టు పక్కనే కట్టుకున్యాది. కొత్త చీర ముందు దీనికి తాకిచ్చి తర్వాతనే కట్టుకుంటాండె. మీ నాయన పోయినప్పుడు, మీకింకా బుద్ధి తెలీకముందే, తాళితో పాటు దీన్నీ తీసేసినాది."

అమ్మ వైపు తిరిగింది.

"నువ్వు రాత్రయితే శానా ఏడుస్తాంటివి పాపా. మా యక్క నిన్ను పక్కన ఏసుకోని, ఈ బిళ్ళ నీ చేతిలో పెడతాండె. గట్టిగా పట్టుకోని పండుకో, మీ యమ్మ ఈడే ఉండాది అంటాండె. అట్ల పట్టుకుంటేనే నీకు నిద్ర."

మామా అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అమ్మ మాత్రం బిళ్ళనే చూస్తోంది. దాని మీది ముఖం అరిగింది ఎవరి వేళ్ళ వల్లో అప్పుడు నాకు తట్టింది. ఏడుపు ఆగలేదు.

"అయితే నేను దినామూ ఇద్దరమ్మల నడమ పండుకున్నా" అంది అమ్మ.

కడపకొచ్చాక నా బుద్ధి ఊరుకోలేదు. ముడి వేసేముందే బిళ్ళ జారిపడిందేమో, అమ్మ నిద్రమత్తులో తీసుకుందేమో అని లెక్కలు వేశాను. అదైనా సరే అనుకుందాం. మరి ఆ పిడికిలి? డాక్టరును అడిగితే, అలా ముడుచుకునే స్థితిలో ఆ కీళ్ళు లేవన్నాడు. ఒకరోజు అమ్మ చేతిలో బిళ్ళ పెట్టి, మూయమన్నాను. వేళ్ళు సగం దాకా వచ్చి ఆగిపోయాయి.

అమ్మ నవ్వింది. "నువ్వు పరీక్ష పెడితే వస్తాదా? కనుక్కోని ఏం జేస్తావు లేవే. నాకు తెలిసింది చాలు."

ఇప్పుడా బిళ్ళ ఆమె మెడలో ఉంది. నాకు మాత్రం ఈ రోజుకీ ఏమీ తెలియలేదు.