పంటిగాటు లేని పెదవి

నా కింది పెదవి లోపల ఇప్పటికీ రెండు గాట్లున్నాయి. నాలుకకు తగిలినప్పుడల్లా మొయినాబాద్ బ్యాండు మాస్టరు గుర్తొస్తాడు, ఒళ్లు మండుతుంది. ఆయన పోయి కూడా చాలాకాలమైంది, అయినా చల్లారదు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. అనేవాళ్ల పెదవి తెగలేదు కదా!

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వల్ల పట్నంలో మా కాలేజీ మూతపడింది. చేవెళ్లకు తిరిగొచ్చి క్లారినెట్ పట్టుకున్నాను. పొద్దుపోక కాదు. అక్క పెళ్లి కుదిరింది. మా చర్చిలో ఒక అలవాటుంది. పెళ్లికూతురు గుమ్మం ముందు ఆగుతుంది. క్లారినెట్ కీర్తన ఆఖరి చరణాన్ని పై స్థాయికి ఎత్తుకున్నాకే లోపలికి అడుగు పెడుతుంది. ఆ పై స్వరం విరిగితే మళ్లీ మొదటి చరణం నుంచి వాయించాలి. అంతదాకా పిల్ల ఎండలో నిలబడాలి, జనం నవ్వుతుంటారు.

"తమ్మీ, నన్ను నువ్వే లోపలికి తోలుకపోవాలె," అంది అక్క. మాటిచ్చాను.

కింది స్వరాలు పదిహేను రోజుల్లో పట్టుబడ్డాయి. పైకి వెళ్తే మాత్రం గొంతు నొక్కిన కోడిలా కీచుమనేది. బంద్‌ల వల్ల బస్సుల్లేవు. వారానికి రెండుసార్లు సైకిలు తొక్కుకుంటూ మొయినాబాద్ వెళ్లి మాస్టరు ముందు నిలబడేవాణ్ణి. దారిలో రాళ్లు అడ్డం పెట్టి నినాదాలిచ్చే కుర్రాళ్లు నా వీపున ఉన్న పెట్టె చూసి, "ఏందన్నా అది?" అని ఆపేవాళ్లు. విప్పి చూపిస్తే, "ఒకటి వాయించరాదు," అనేవాళ్లు. కింది స్వరాలే వాయించి బయటపడేవాణ్ణి.

మాస్టరు చెప్పేది ఎప్పుడూ ఒకటే మాట. "కొరుకు బిడ్డా. కింది పెదవిని పండ్ల మీదికి మడిచి గట్టిగ కొరుకు. నెత్తురు చూడంది పైసురం రాదు."

కొరికాను. నోట్లో పెట్టుకునే రీడు మీద నెత్తురు మరకలు. కూరలో కారం తగిలితే కళ్లలో నీళ్లు. స్వరమేమో ఇంకా సన్నబడింది, ఇంకా కీచుమంది. పెళ్లి ఎనిమిది రోజులుందనగా ఆయన తల అడ్డంగా ఊపాడు. "నీది కచ్చా పెదవి. నీతోని గాదు. అక్క పెండ్లికి నేనే వచ్చి వాయిస్త, ఫికర్ జెయ్యకు."

అని, జేబులోంచి పొగాకు డబ్బీ తీసి, చిటికెడు దాచుకోవడానికి కింది పెదవిని బయటికి లాగాడు. చూశాను. ముప్పై ఏళ్లుగా పై స్వరాలు వాయిస్తున్న పెదవి. లోపల పసిపిల్ల చెంపలా నున్నగా ఉంది. ఒక్క గాటు లేదు.

ఈయన ఎన్నడూ కొరకలేదు! చుట్టుపక్కల ఊళ్లలో పై స్వరం తనొక్కడిదే కావాలని, వచ్చినవాడికల్లా కొరకమని చెప్పి పంపుతున్నాడు. నేర్పనని మొహం మీదే చెప్పొచ్చు కదా, ఇంకో మాస్టరును వెతుక్కునేవాణ్ణి. నమ్మి వెళ్లినవాడి నోరు కోసి, పైగా నీ పెదవే మంచిది కాదనడం! తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. దారి పొడుగునా తిట్టుకుంటూ తొక్కాను.

ఇంటికొచ్చి క్లారినెట్‌ను మంచం మీద పడేశాను. అవ్వ పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో మంట రాజేస్తోంది. నేను చెప్పిందంతా విని, "ఊదుగొట్టాన్ని ఎవలన్న కొరుకుతార్రా?" అంది. "వాడు చెప్పుడు, నువ్వు ఇనుడు! ఇటు రా." నా పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. "ఈడికెల్లి ఊదు. సన్నగ, జోరుగ, తెగనియ్యకు. బుగ్గలు ఉబ్బియ్యకు. బూడిద లేవద్దు, మంట లేవాలె."

ఆ ఎనిమిది రోజులూ అదే పని. పెదవిని మెత్తగా ఆనించి, గొంతు వదులు చేసి, పొట్టలోంచి సన్నని గాలిని వేగంగా పంపడం. ముందు కింది స్వరం నిలబెట్టి, దవడ కదపకుండా అదే గాలితో పైకి పోవడం. మూడో రోజు దాకా గాలి చప్పుడే. ఐదో రోజు పై స్వరం ఒకటి గుండ్రంగా పలికింది. సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది. ఇంతేనా? ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఆ మనిషికి నోరు రాలేదా?

పెళ్లినాడు మాస్టరు తన క్లారినెట్‌తో వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. బాపు ఆయనకే సైగ చేయబోయాడు. నేను ముందుకు జరిగి ఎత్తుకున్నాను. అక్క గుమ్మం దగ్గర ఆగి, ముసుగులోంచి నా వైపే చూసింది. ఆఖరి చరణం వచ్చేసరికి పాత అలవాటుకు దవడ బిగుసుకోబోయింది. ఊదుగొట్టాన్ని తలుచుకున్నాను. స్వరం పైకి లేచి నిలిచింది. అక్క లోపలికి అడుగు పెట్టింది.

ప్రార్థన అయ్యాక మాస్టరు నా భుజం మీద చెయ్యేసి, అందరూ వినేలా, "సూసిన్రా! కొరుకుమన్నది నేనే. నా శిష్యుడు!" అన్నాడు.

సిగ్గు లేదూ! నా కింది పెదవిని బయటికి లాగి రెండు గాట్లూ చూపించాను. "నావి ఇవి. మీయి సూపెట్టుండ్రి మాస్టరు సాబ్," అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లంతా ఆయన నోటి వైపు చూశారు. అప్పటికే చేతిలోకి తీసుకున్న పొగాకు డబ్బీకి మూత పెట్టి మళ్లీ జేబులో వేసుకున్నాడు. భోజనాలయ్యేదాకా దాన్ని బయటికి తీయలేదు.